తోట దప్పిక

సుకన్య ఇంట్లో అందరికంటే ముందు లేస్తుంది. గేదెలకు చొప్ప వేసి, వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, పాలు పితికి కేంద్రానికి పంపించేసరికి తెల్లగా తెల్లవారుతుంది. రెంటచింతల చుట్టుపక్కల సూర్యుడికి పొద్దున, మధ్యాహ్నం అనే తేడాలు పెద్దగా పట్టవు. లేవడమే మంట మీద లేస్తాడు. వినాయక చవితి వెళ్ళిన రోజుల్లో కూడా అంతే.

ఆ రోజు కూడా సుకన్య ఆ పనులన్నీ ఆ వరసలోనే చేసింది. కాకపోతే పనికీ పనికీ మధ్య చెంబెడు నీళ్ళు తాగింది. చొప్ప వేశాక తాగింది, ముగ్గు పెట్టాక తాగింది, పాలు పితికాక కుండ దగ్గర నిలబడి రెండు చెంబులు ఎత్తి పోసుకుంది. కడుపు నిండి బరువెక్కింది గాని గొంతు మాత్రం తడవలేదు. నీళ్ళు ఆ దారిన పోయినట్టే లేదు.

అది తోట దప్పిక అని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఎందుకంటే ఆ దప్పిక తనకే వచ్చిందని ఆమె భర్త సాంబశివరావు అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు.

వాళ్ళ ఊరు ఎర్రగుంటపాడులో ఇదేమీ వింత సంగతి కాదు. నిమ్మచెట్టుకు సుఖం ఎక్కువైతే పూయదు, ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. దానికి నీళ్ళు ఆపేసి, ఆకు వడలి, కొంత రాలిపోయేదాకా ఎండగట్టాలి. ఆ తర్వాత ఎరువేసి నీళ్ళు వదిలితే అప్పుడు దానికి బతుకు మీద ఆశ పుట్టి ఒళ్ళంతా పూస్తుంది. దీన్ని బెట్టకు వదలడం అంటారు. నిమ్మ ఎంత కాసిందన్నది కాదు, ఏ నెలలో కాసిందన్నదే రైతుకు ముఖ్యం. వానాకాలంలో వచ్చిన కాయ కోత కూలికి కూడా చాలదు. బస్తాలు మార్కెట్టు దాకా మోసుకుపోయి, అక్కడే పారబోసి, ఖాళీ సంచులు దులుపుకుని వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. అదే కాయ నడి ఎండాకాలంలో, జనం సోడా బండ్ల చుట్టూ మూగే రోజుల్లో చేతికొస్తే ఎకరం నిమ్మ ముందు మూడెకరాల మిరప కూడా నిలబడదు. ఎండల్లో కాయ కావాలంటే దసరా నాటికి పూత పడాలి. దసరాకి పూత కావాలంటే చవితి దాటగానే బెట్టకు వదలాలి. నీళ్ళు తొందరపడి పెడితే చెట్టు పూత మానేసి చిగురు వేస్తుంది, ఆలస్యం చేస్తే కొమ్మలకు కొమ్మలే ఎండిపోతాయి.

ఆ సరైన రోజు ఏదో చెప్పేది దప్పిక. బెట్టకు వదిలిన తోట దాహం ఆ ఇంట్లో ఒకరి గొంతులోకి వస్తుంది. ఎవరికి వస్తే వాళ్ళే తోటకు పెద్ద. పాస్‌బుక్కులో పేరున్నవాడు బ్యాంకుకు పోయి లోను తెచ్చుకోవచ్చు గాని, నీళ్ళ వాల్వు తిప్పే హక్కు మాత్రం దప్పిక పుట్టినవాళ్ళదే. ఆ నెలలో ఎవరైనా నోరెండిపోతోందని వస్తే ఆర్‌ఎంపీ డాక్టరు అలీ సాహెబ్ అడిగే మొదటి మాట, "షుగరా, తోటా?" అని. తోటదే అయితే ఫీజు కూడా తీసుకోడు.

సాంబశివరావు తండ్రి హనుమయ్య బతికున్నంతకాలం ఆ ఇంటి దప్పిక ఆయనదే. గోలి వాగు పక్కన గరప నేలలో నాలుగెకరాల నిమ్మ పెట్టింది ఆయనే. ఆ నేలలో రాళ్ళు తప్ప ఏమీ పండవని నవ్వినవాళ్ళ చేతే "హనుమయ్య తోట" అని గౌరవంగా పిలిపించుకున్నాడు. ఏటా ఆయన "ఇక ఆగలేనురా, వదలండి" అన్న రోజున నీళ్ళు వదిలేవారు. ఏటా ఎండాకాలం కాయ తప్పేది కాదు. కిందటేడు ఎండాకాలంలో ఆయన పోయాడు.

తండ్రి పోయాక కొడుకు గొంతు తడారకపోతే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలా? సాంబశివరావు చెడ్డవాడు కాడు. పదిమందిలో ముందుండాలనే యావ మాత్రం ఉంది. కిందటేడు చెట్లను బెట్టకు వదిలినప్పటి నుంచి గొంతు ఎప్పుడు ఎండుతుందా అని రోజూ తడిమి చూసుకున్నాడు. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర మిరపకాయ బజ్జీలు నాలుగు ఎక్కువ తిన్నాడు. పల్నాటి మిరపకాయ తన పని తాను చేసింది. గొంతు భగ్గుమంది, చెంబు తర్వాత చెంబు తాగాడు. "వచ్చిందిరా దప్పిక, మా నాయన దప్పిక వచ్చింది" అని అక్కడే నలుగురికీ చెప్పేశాడు. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో లేదు.

అదే వారం సుకన్యకు నిజంగా దప్పిక వచ్చింది. మొదట షుగరేమో అనుకుని అలీ సాహెబ్ దగ్గరికి పోయింది. ఆయన వేలికి గుచ్చి చూసి, "షుగర్ కాదమ్మా" అని పరికరాలు సర్దుకున్నాడు. రాత్రి భర్త చెవిలో చెప్పింది. "గుంటూరు తీసుకుపోయి పెద్ద డాక్టరుకి చూపిస్తాలే" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. తనకు తోచిన రోజున వాల్వు తిప్పాడు. చెట్లు చిగురేశాయి. ఎప్పుడో మాఘంలో పూసి, ఆషాఢం వానల్లో విరగ్గాశాయి. ఎవరికీ అక్కరలేని కాయ తోటలోనే రాలి కుళ్ళింది. ఆ వాసన ఇంటి దాకా కొట్టింది. సుకన్య ఆ నెలంతా తోట వైపు పోలేకపోయింది. చచ్చేంత సిగ్గేసింది ఆమెకు, తప్పు చేసింది తను కాకపోయినా.

"ఈ ఏడు కూడా ఎండాకాలం కాయ తప్పితే జేసీబీ పెట్టి పీకిస్తా. మొత్తం మిరపే వేస్తా. నిమ్మ దండగ" అని సాంబశివరావు ఖాయం చేశాడు. జేసీబీ వాడితో మాట కూడా అయిపోయింది.

ఆ మధ్యాహ్నం సుకన్య మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళింది. అత్తగారు సరస్వతమ్మ గడప దగ్గర కూర్చుని గోంగూర వలుస్తోంది.

"ఏమే సుకన్యా, అది ఎన్నో చెంబు?"

"ఎండగా ఉంది గదత్తా."

"ఎండ నాకూ ఉంది. నేను తాగటల్లా."

సుకన్య చెంబు బోర్లించి పెట్టింది. సరస్వతమ్మ గోంగూర పక్కకు నెట్టి కోడలి మొహం వంక చూసింది.

"నీకు పోయినేడే వచ్చింది. నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు చెప్తావేమో అని చూశా. నేనెప్పుడన్నా చెప్పానా, నువ్వు చెప్పటానికి?"

సుకన్యకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక గోడకు ఆనుకుని కిందకు జారి కూర్చుంది.

"మీ మావయ్యకి ఒక్క ఏడు కూడా దప్పిక కాలా" అంది సరస్వతమ్మ. "తోట పెట్టిన కాణ్ణుంచీ నాకే అయ్యేది. రోజు దగ్గర పడంగానే చెవిలో చెప్పేదాన్ని. తెల్లారంగానే ఊళ్ళోకి పోయి, దప్పికతో చస్తన్నా, నీళ్ళు వదలండి అని చెప్పుకునేవాడు. మంచోడే. నా మాట ఎన్నడూ కాదనలా. కాకపోతే ఇది నా పెళ్ళాం చెప్పిన మాట అని కూడా ఎన్నడూ అనలా."

"అనుంటే బాగుండేదా అత్తా?"

"ఎందుకు బాగుండదే? నేను మనిషిని కానా?"

వీధిలో ట్రాక్టరు ఒకటి పోయింది.

"రోజు ఎట్టా తెలుసుద్దత్తా?"

"నిమ్మకాయ కోసి ఉప్పద్దుకో. తలుచుకుంటేనే నోరూరే వస్తువు అది. నాలిక్కి రాసుకున్నా నోరు ఊరలేదనుకో, ఆ రోజే రోజు. ఊరిందంటే తోటకి ఇంకా టైముంది."

"శుక్రవారం నీళ్ళు వదుల్తానంటన్నాడు ఆయన. నాకింకా నోరు ఊరతానే ఉంది."

"చెవిలో చెప్పి చూడు."

"పోయినేడు చెప్తే గుంటూరు తీసుకుపోతానన్నాడు."

సరస్వతమ్మ మళ్ళీ గోంగూర దగ్గరికి లాక్కుంది. "అయితే ఇది చెవిలో చెప్పే పని కాదు" అంది.

శుక్రవారం పొద్దున్నే బోరు దగ్గర జనం చేరారు. నీళ్ళు వదిలే రోజు ఆ ఊళ్ళో చిన్న పండగ. కొబ్బరికాయ కొడతారు, పానకం పోస్తారు, దప్పిక పుట్టిన మనిషి వాల్వు తిప్పుతాడు. సాంబశివరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అందరూ చూస్తుండగా చెంబు ఎత్తి గటగటా తాగాడు. పాపం, పొద్దుటి నుంచీ అది ఏడో చెంబో ఎనిమిదో చెంబో, పొట్ట చొక్కా గుండీలను నెడుతోంది. "మా నాయన చూసిన బాధ ఇప్పుడు నాకు అర్థమవుతోంది" అని పైపంచెతో మూతి తుడుచుకున్నాడు. తర్వాత వాల్వు మీద చెయ్యి వేశాడు.

సుకన్య జనంలోంచి ముందుకు వచ్చింది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో కోసిన నిమ్మకాయ, గల్లుప్పు. చెట్ల వంక చూసింది. ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి గాని ఇంకా కొమ్మను వదల్లేదు. ఇవాళ వాల్వు తిరిగితే చిగురు వస్తుంది. చిగురొస్తే జేసీబీ వస్తుంది. ఆమె పోయి భర్త ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, ఒక్క నిమిషం ఆగు. ముందిది నాలిక్కి రాసుకో."

"ఏందిది?"

"నిమ్మకాయ. మన తోటదే."

నిమ్మచెక్క ఉప్పులో అద్ది ఆయన మొహం ముందు పట్టింది. అది నాలుకకు తగలనే లేదు, సాంబశివరావు గొంతు మీద గుటక ఎక్కి దిగింది. మెడ సన్నటి మనిషి కావడంతో వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా కనిపించింది. ఆ మాటకొస్తే చుట్టూ ఉన్న వాళ్ళందరూ గుటకలు వేశారు. అలీ సాహెబ్ అయితే దవడ పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

"రోజు వచ్చిందంటే దప్పిక పుట్టినోళ్ళకి నోరు ఊరదు" అంది సుకన్య. ఆ చెక్కే తన నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని చూసుకుంది. నాలుక కింద ఒక మూల కొంచెం తడి, అంతే. "నాక్కూడా ఇంకా కాస్త ఊరతంది. పోయినేడూ నాకే వచ్చింది, చెప్పుకోలేకపోయా. ఈ ఏడు చెప్తన్నా. ఇయ్యాల నీళ్ళు వదిలితే పూత రాదు."

అలీ సాహెబ్, "షుగర్ కాదని నేను అప్పుడే చెప్పా గదమ్మా" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. ఒక ముసలామె, "సుకన్యకా వచ్చింది? మంచిదేలే, ఓపిక గల పిల్ల" అంది. ఎండ ముదరకముందే ఎవరి పనులకు వాళ్ళు పోయారు. పానకం మాత్రం ఎవరూ వదల్లేదు.

సాంబశివరావు వాల్వు దగ్గరే నిలబడిపోయాడు. "నలుగురిలో పరువు తీశావు" అన్నాడు మెల్లగా.

"చెవిలో చెప్పినప్పుడు వినుంటే నలుగురిలోకి వచ్చేదాన్నా?"

ఆయన బండి తీసుకుని మాచర్ల పోయాడు. వచ్చాక కూడా భార్యతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నాడు.

ఆ తర్వాతి రోజులు సుకన్యకు నరకం. దప్పిక రోజురోజుకీ లోతుకు దిగింది. పెదాలు పగిలాయి, మాట పొడిపొడిగా వచ్చేది. కళ్ళు మూసుకుంటే తోటలో ఏ వరస ఎంత ఎండిందో గొంతులో తెలిసేది. తూర్పు కంచె వెంట గరప మీదున్న చెట్లు ముందు మండేవి, వాగు వైపువి నెమ్మదిగా. ఒక సాయంత్రం సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఇప్పుడు ఒక్క వాన పడిందంటే బెట్ట చెడిపోతుంది. సుకన్య వాకిట్లో నిలబడి ఆ మబ్బును తేరిపార చూసింది. అది వాగు అవతలి ఊరి మీద కురిసి పోయింది. ఇంత బాధలోనూ ఆమెకు లోపల ఒక గర్వం ఉండేది. నాలుగెకరాల చెట్లు తనను నమ్ముకుని ఎండుతున్నాయి, ఎవరినో కాదు.

సాంబశివరావు మాట్లాడకపోయినా కళ్ళు లేనివాడు కాదు. మొదటి రోజు చూడనట్టు ఊరుకున్నాడు. మర్నాడు గోలీసోడా తెచ్చి చూరు కింద పెట్టి పోయాడు. ఆ మర్నాడు కొబ్బరిబోండాలు తెచ్చాడు. తర్వాత మజ్జిగ తనే చిలికి, అల్లం దంచి వేసి, గ్లాసు చేతికిచ్చాడు. సుకన్య అన్నీ తాగింది. ఏదీ దిగినట్టు లేదు. ఒక పూట ఆమె చెంబు ఎత్తబోయి ఎత్తలేక గోడ పట్టుకుంటే చూశాడు.

"నీళ్ళు వదిలేస్తానే. పోతే పోయింది తోట" అన్నాడు.

"వదిలావంటే ఊరుకోను. ఇన్నాళ్ళు పడ్డది ఎందుకనుకున్నావు? మావయ్య చెప్పుకున్న దప్పిక కూడా అత్తదే, తెలుసా?"

ఆయన ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. "అమ్మ కూడా ఇట్టాగే పడేదా?"

"ఏటా."

సాంబశివరావు లేచి తల్లి మంచం దగ్గరికి పోయాడు. సరస్వతమ్మ వక్క కొరుకుతూ టీవీ చూస్తోంది.

"ఒక్కసారన్నా చెప్పొచ్చు గదమ్మా."

"చెప్తే వినే ఇల్లా ఇది?" అంది ఆమె టీవీ మీంచి చూపు తిప్పకుండానే. తర్వాత టీవీ కట్టేసింది. కొడుకు తల మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

ఆ వారం తిరగకముందే ఒక పొద్దున సుకన్య లేచి, గేదెలకు చొప్ప వెయ్యకముందే నిమ్మకాయ కోసింది. ఉప్పద్ది నాలుక మీద పెట్టుకుంది. చెక్క ముక్క నాకినట్టుంది. పులుపు లేదు, తడి లేదు. ఎవరినీ పిలవలేదు. కొంగు నడుముకు దోపుకుని తోటకు నడిచింది. దారిలో రాలిన ఆకు కాళ్ళ కింద చిటపటలాడింది.

కరెంటు రాగానే మోటారు వేసి వాల్వు తిప్పింది. డ్రిప్పు పైపుల్లో గాలి ముందు బుసకొట్టింది, తర్వాత నీళ్ళు చుక్కలు కట్టాయి. తూర్పు కంచె వరసకు నీళ్ళు అందగానే సుకన్య గొంతులో మొదటి గుటక పడింది. ఆమె నోట్లో చుక్క నీరు లేదు. ఒక్కో వరసా తడుస్తున్న కొద్దీ గొంతు చల్లబడుతూ వచ్చింది. వాగు గట్టున చివరి వరస తడిసేసరికి కళ్ళలోకి కూడా నీళ్ళు వచ్చాయి. ఏడుపు కాదు, సంతోషమే. వెనక నుంచి సాంబశివరావు వచ్చాడు, చేతిలో కొబ్బరికాయ. ఇస్త్రీ చొక్కా కాదు, బనీను. కాయ కొట్టి రెండు చెక్కలూ ఆమె చేతికే ఇచ్చాడు.

దసరాకి తోట పూసింది. అలాంటి పూత ఆ నేల మీద ఎవరూ చూడలేదని ఊరు ఊరంతా అంది. మాచర్ల బస్సులో కిటికీ పక్క సీటు కోసం జనం పోట్లాడుకున్నారు, తోట దాటేటప్పుడు వాసన బాగా వస్తుందని. సంక్రాంతి నాటికి గోళీకాయంత పిందె దిగింది. జేసీబీ వాడు ఫోన్ చేస్తే సాంబశివరావు, "వేరే ఎక్కడన్నా చూసుకో తమ్ముడూ" అని పెట్టేశాడు.

ఏప్రిల్ వచ్చింది. రెంటచింతల ఎండ పేపర్లోకి ఎక్కింది. నిమ్మకాయ ధర దానికంటే పైకి ఎక్కింది. కాయ నున్నగా, పల్చటి తోలుతో, చేతిలో పట్టుకుంటే రసం కదిలేట్టుగా ఉంది. నరసరావుపేట నుంచి వ్యాపారి శేషగిరిరావు స్వయంగా లారీ వేసుకుని వచ్చాడు. హనుమయ్య కాలం నుంచి ఆ తోట కాయ కొన్నవాడు. వరసల మధ్య తిరిగి, ఒక కాయ కోసి చేతిలో పిండుకుని చూశాడు. ఆ రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది.

షెడ్డు కింద నులకమంచం మీద సరస్వతమ్మ కూర్చుని ఉంది. పక్కన సుకన్య కాయలు ఏరుతోంది, పెద్దవి ఒక గుట్ట, మచ్చవి ఒక గుట్ట.

శేషగిరిరావు సాంబశివరావు భుజం తట్టాడు. "ఎంతైనా హనుమయ్య గారి చెయ్యి నీకు వచ్చింది సాంబశివరావూ. ఆయన దప్పిక అంటే దప్పికే. జిల్లాలో ఇట్టాంటి కాయ ఇంకో చోట లేదు. ఇక ధర చెప్పు, నీ నోటితో ఎంతంటే అంత."

కోత కూలీలు, లోడెత్తడానికి వచ్చినవాళ్ళు, ఊరివాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు. సాంబశివరావు పైపంచె తీసి మొహం తుడుచుకున్నాడు. తండ్రి పేరు మీద వచ్చిన పొగడ్త అది. మామూలుగా అయితే ఆయనకు అంతకంటే కావలసింది లేదు. ఆ పొగడ్త తీసుకుని ఊరుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు, షెడ్డు కింద ఇద్దరితో సహా.

"మా నాయనకి ఎన్నడూ దప్పిక కాలేదు శేషగిరి గారూ" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "ఆ దప్పిక మా అమ్మది. ఈ తోట కాసిన ప్రతి కాయా మా అమ్మ నోరెండితే వచ్చిందే. ఇప్పుడది మా ఆవిడకి వచ్చింది. ధర అడగాలంటే అదిగో, ఆమెనడగండి. మా ఇంట్లో మగాళ్ళం నీళ్ళు తాగటానికి తప్ప పనికి రాం."

శేషగిరిరావు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. షెడ్డు వైపు తిరిగి, "అయితే మీరే చెప్పండమ్మా" అన్నాడు. సుకన్య చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ధర ఆమె అప్పటికే మనసులో అనుకుని ఉంది, తక్కువేమీ కాదు. చెప్పబోయింది.

సరస్వతమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వాడేమన్నాడే?"

"వినపళ్ళేదా అత్తా?"

"వినపడింది" అంది సరస్వతమ్మ. ఆమె కొంగు సర్దుకుని, మంచం మీద నిటారుగా కూర్చుంది. "ఇంకోసారి చెప్పమను. ధర తర్వాత."